‘తండ్రి యింట’ అన్నాక మళ్లీ ‘నివాసములు’ ఎందుకు?

ప్రశ్న:
మొన్న మా అమ్మమ్మ పోయాక, ఆమె జ్ఞాపకార్థం జరిపే ఆదరణ కూడికకు కార్డు వేయిస్తుంటే ప్రూఫు చూసే పని నాకు పడింది. పైన ‘మహిమ ప్రవేశం’ (మరణాన్ని మేం అలా అంటాం), దాని కింద బైబిలులోని యోహాను సువార్త 14వ అధ్యాయం నుంచి “నా తండ్రి యింట అనేక నివాసములు కలవు”. ప్రెస్సు అబ్బాయి ‘యింట’ను అచ్చుతప్పు అనుకుని ‘ఇంటిలో’ అని మార్చేశాడు. మళ్లీ మొదటిలాగే పెట్టించాను. కానీ అప్పటినుంచి ఒకటే సందేహం. ఇల్లు అని అంత హాయిగా మొదలుపెట్టి, వెంటనే ‘నివాసములు’ అనే బరువైన మాట ఎందుకు ఎత్తుకున్నారు? ‘గదులు’ అంటే సరిపోయేది కదా? నివాసం అనగానే నాకు నివాస ధ్రువీకరణ పత్రం కోసం వరుసలో నిలబడ్డ మధ్యాహ్నమే గుర్తుకొస్తుంది.

జవాబు:
మార్చనివ్వకపోవడం మంచిదైంది. ‘తండ్రి’ తర్వాత ‘ఇంట’ రాగా నడుమ యకారం చేరింది, యడాగమం. ఇక ‘ఇల్లు’ విభక్తి చేరే ముందు ‘ఇంటి’ అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన ఔపవిభక్తికం అదే. ‘ఇంట’ అన్నప్పుడు ‘లో’ లేకుండానే ఆ అర్థం వచ్చేస్తుంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అంటాం. పైగా ‘వాళ్లింట పెళ్లి’, ‘మా ఇంట ఆ అలవాటు లేదు’ అన్నప్పుడు గోడలూ కప్పూ ఎవరికీ గుర్తుకు రావు, మనుషులే గుర్తుకొస్తారు. ‘ఇంటిలో’ అని దిద్దితే ఈ పలుకుబడి పోతుంది.

మరో జవాబు:
‘నివాసములు’ సంగతి నేను చెబుతాను. గ్రీకు మూలంలోనే రెండు వేరు వేరు మాటలున్నాయి. ఇంటికి ‘ఒయికియా’, నివాసానికి ‘మొనే’. ఈ రెండోది ‘ఉండిపోవు, నిలిచి ఉండు’ అనే క్రియ నుంచి పుట్టింది. కొత్త నిబంధన మొత్తంలో ఆ నామవాచకం కనిపించేది రెండే చోట్ల, రెండూ ఈ అధ్యాయంలోనే. ఒకటి మీ కార్డు మీద ఉన్న 2వ వచనం. రెండోది 23వ వచనం, “మేము వాని యొద్దకు వచ్చి వాని యొద్ద నివాసము చేతుము”. మొదటిదానిలో మనిషి వెళ్లి దేవుని ఇంట ఉంటాడు, రెండోదానిలో దేవుడే వచ్చి మనిషి దగ్గర ఉంటాడు. మన అనువాదకులు రెండుచోట్లా ఒకే మాట ఉంచారు. మొదట ‘గదులు’ అని రాసుంటే రెండోచోట ఏం చేసేవారు? ‘వాని యొద్ద గది చేతుము’ అనలేరు కదా!

లాటిన్‌లో ఇది ‘మాన్సియోనెస్’ అయింది, అది కూడా ‘ఉండు’ అనే క్రియ నుంచి వచ్చిందే. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం, కింగ్ జేమ్స్ బైబిలు, దాన్నే ‘మాన్షన్స్’ అంది. అప్పట్లో ఆ మాటకు బస అనే అర్థం కూడా ఉండేది, తర్వాత అది పెద్ద భవంతులకే మిగిలింది. పరలోకంలో ఒక్కొక్కరికి ఒక్కో బంగళా అని వర్ణించే ప్రసంగాలు నేనూ విన్నాను. తెలుగు పాఠంలో మాత్రం బంగళా లేదు.

ప్రశ్న అడిగినవారు:
‘ఉండిపోవడం’ అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. సెలవుల్లో బస్సు దిగి ఏ వేళకు చేరినా అమ్మమ్మ అడిగే మొదటి ప్రశ్న “ఉంటావా?” అనే. “రేపే వెళ్లిపోవాలి” అంటే ముఖం చిన్నబోయేది. “నాలుగు రోజులుంటాను” అంటే చాలు, అటక మీది పరుపు కిందికి దిగేది, నానబెట్టిన మినప్పప్పులో ఇంకో గుప్పెడు పడేది.

మరో జవాబు:
మీరంతా ఎన్ని చెప్పినా ‘నివాసం’ ఇప్పటి చెవికి ఆఫీసు మాటే. నన్నడిగితే ‘మా నాన్న ఇంట ఉండడానికి బోలెడు చోటుంది’ అని రాస్తాను. గంభీరంగా లేదని పెద్దలు కోప్పడితే కోప్పడనివ్వండి.

మరో జవాబు:
‘బోలెడు’ నాకు నచ్చింది, కానీ ఆరాధనలో పైకి చదవలేం. నాకు వేరే మాట తోచింది. కార్డులో 3వ వచనం కూడా వేయించాల్సింది. “నేను వెళ్లి మీకు స్థలము సిద్ధపరచినయెడల” అని మొదలై “మరల వచ్చి” అంటుంది. వెళ్లి, వచ్చి. మనం గడప దాటుతూ ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లివస్తాను’ అంటామే, అదే. యేసు తన మరణానికి ముందటి రాత్రి భోజనం దగ్గర శిష్యులతో అన్న మాట ఇది. ఆ తర్వాత 18వ వచనంలో “మిమ్మును అనాథలనుగా విడువను” అనీ అంటాడు.

ప్రశ్న అడిగినవారు:
మీరు ఈ మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ‘వెళ్లివస్తాను’ అనకూడదని మన వైపు పట్టింపు కదా, చెప్పకుండానే లేచి వెళ్లిపోతారు. మా క్రైస్తవ కుటుంబాల్లోనూ చాలామంది పాటిస్తారు. భూస్థాపన రోజున సమాధుల తోటలో అందరూ పిడికెడు మట్టి వేసి మౌనంగా తిరిగారు. మా పెద్దమ్మ మాత్రం రెండడుగులు వేసి, వెనక్కి చూసి, “వెళ్లివస్తామమ్మా” అంది. పక్కనున్న ఒకావిడ చప్పున ఆమె చేయి పట్టుకుంది. పాస్టరు గారు మూయబోతున్న బైబిలును మళ్లీ తెరిచారు.