కాల్షియం వేయగానే ఏసీఎస్ఎఫ్ (మెదడు స్లైసులను ఉంచే కృత్రిమ మస్తిష్క ద్రవం) తెల్లబడుతోంది, ఎందుకు?

ప్రశ్న: ఎలుక మెదడు స్లైసుల మీద ప్యాచ్ క్లాంప్ (సన్నని గాజు పిపెట్‌తో కణాల విద్యుత్ సంకేతాలు కొలవడం) చేస్తున్నాం. ఏసీఎస్ఎఫ్‌లో సోడియం క్లోరైడ్ 125, పొటాషియం క్లోరైడ్ 2.5, బైకార్బనేట్ 25, ఫాస్ఫేట్ 1.25, మెగ్నీషియం 1, గ్లూకోజ్ 10, అన్నీ మిల్లీమోలార్‌లోనే. ఇంతవరకూ తేటగా ఉంటుంది, చివర్లో కాల్షియం క్లోరైడ్ 2 వేయగానే విరిగిన పాలలా అయిపోతోంది. నీళ్లు మార్చినా అదే కథ.

జవాబు: గ్యాస్ ఎప్పుడు పెడుతున్నారండీ? 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఓ పావుగంట బుడగలు పోనిచ్చి, పీహెచ్ 7.4 దగ్గరికి దిగాకే కాల్షియం పోయాలి. బైకార్బనేట్ ద్రావణాన్ని ఊరికే గాలికి వదిలేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ ఎక్కుతుంది, అప్పుడు కాల్షియం, కార్బొనేట్‌తోనో ఫాస్ఫేట్‌తోనో కలిసి అడుగున చేరుతుంది.

జవాబు: పైన చెప్పింది కరెక్ట్. ఇంకోటి, కాల్షియం పొడి తూచకండి, మూత తీస్తే చాలు తేమ పీల్చేస్తుంది, ఇక ఆ తూకం నమ్మలేం. 1 మోలార్ ద్రావణం రెడీమేడ్‌గా దొరుకుతుంది, లీటరుకు 2 మిల్లీలీటర్లు, కలుపుతూ చుక్కచుక్కగా వేయండి. తెల్లబడినదాన్ని ఫిల్టర్ చేసి వాడేద్దామనుకోవద్దు, అందులో కాల్షియం ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు?

అడిగినవారు: ఓహో, గ్యాస్ రిగ్ (రికార్డింగ్ చేసే పరికరాల అమరిక) దగ్గరికెళ్లాకే పెడుతున్నాం! పిపెట్‌లో నింపేదానికీ ఇదేనా?

జవాబు: కాదండీ, అందులో మామూలుగా పీహెచ్‌ని నిలకడగా ఉంచే హెపీస్ బఫర్ ఉంటుంది, గ్యాస్ అక్కర్లేదు. పొటాషియం గ్లూకోనేట్‌ది అయితే పీహెచ్ 7.3కి పొటాషియం హైడ్రాక్సైడ్‌తోనే తేవాలి, ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) వేశాక ఐస్ మీదే ఉంచాలి. 0.2 మైక్రాన్ ఫిల్టర్ మాత్రం మానొద్దు, లేకపోతే పిపెట్ మొన మూసుకుపోతుంది.