డెబ్బై దాటినవాళ్లకి రాత్రి జావ సరిపోతుందా?

పప్పుగుత్తి:
"రాత్రిపూట తేలిగ్గా తినాలి" అనే మాట పట్టుకుని డెబ్బై దాటినవాళ్లకి రెండు ఇడ్లీలో, గ్లాసు రాగిజావో ఇచ్చి సరిపెడుతున్నాం. ఇది పొరపాటని నా వాదన. రెండు ఇడ్లీల్లో ప్రొటీన్ నాలుగు గ్రాములు. 30 గ్రాముల రాగిపిండిని నీళ్లతో కాస్తే వచ్చేది రెండు గ్రాములే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని చెప్పింది. వృద్ధుల విషయంలో 1 నుంచి 1.2 దాకా కావాలని 2013లోనే నిపుణుల బృందం సూచించింది. ముదిరిన కండ అంతే తిండికి తక్కువ పెరుగుతుంది మరి. అంటే 55 కిలోల మనిషికి 55–66 గ్రాములు. రాత్రి నాలుగే అయితే మిగతా యాభై పొద్దుటి ఉప్మాలోంచి, మధ్యాహ్నం చారు నీళ్లలోంచి వస్తుందా? కండ తరుగుతోందని ముందు చెప్పేది తూకం యంత్రం కాదండీ, కుర్చీలోంచి లేవలేకపోవడం, నీళ్ల చెంబు బరువనిపించడం.

వేపనీడ:
లెక్క సరే, మందు సరిగ్గా లేదు. ఈ వయసులో చాలామందికి ఆకలి పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి చచ్చిపోతుంది. రాత్రి పప్పూ గుడ్డూ బలవంతంగా పెడితే సగం కంచంలోనే వదిలేస్తారు. తిన్నవాళ్లు వెంటనే పడుకుంటే గుండెల్లో మంట. రోజు మొత్తం మీద అందాల్సింది అందితే చాలు. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, 200 మి.లీ. పాలు: దాదాపు 20 గ్రాములు. మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, ఒక గుడ్డు, కప్పు పెరుగు, అన్నం: ఇంకో 25. సాయంత్రం గుప్పెడు పుట్నాల పొడి నాలుగు. రాత్రి ఆ జావనే నీళ్లకు బదులు 200 మి.లీ. పాలతో కాయండి, ఎనిమిది పైనే. 55 దాటిపోయాం, జావ మానకుండానే.

పప్పుగుత్తి:
పెసరట్టుకి ఎదురు చెప్పను. కానీ కాగితం మీది గట్టిపప్పు కంచంలోకి వచ్చేసరికి పప్పుచారు అవుతుంది. గిన్నెలో పప్పు అడుగున దిగిపోతుంది, పెద్దవాళ్లకి పైనున్న తేట వడ్డిస్తారు, "మెత్తగా ఉంటుంది" అని. అందుకే పప్పు వండకముందే తూచండి, గరిట అడుగు నుంచి తిప్పి వడ్డించండి. గుడ్డు పెట్టకూడని ఇంట్లో 15 గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి, నీరు పిండి, మిక్సీలో పొడిపొడిగా చేసి కూరలో కలపండి, ఏడు గ్రాములొస్తుంది. ముక్కలుగా వేస్తే పళ్ల సెట్టు ఉన్నవాళ్లు నమలలేక పక్కన పెట్టేస్తారు. ఉడికించిన గుడ్డు పచ్చసొన కూడా ఎండు నోటికి గొంతులో పట్టేస్తుంది, పెరుగులోనో నెయ్యి అన్నంలోనో చిదిమి కలపాలి. జావ తాగుతూ దగ్గు, పొలమారడం మొదలైతే మాత్రం పలుచనివి ఆపి మింగే పరీక్ష చేయించాలి.

నిలబడు_మళ్ళీ:
తిండి దగ్గరే ఆగిపోయారు. కండకి పని చెప్పకపోతే ఎంత పెట్టినా కాళ్లకి బలం రాదు. ముందు చూడండి: 43 సెం.మీ. ఎత్తు కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కనే నిలబడండి. ఆసియా నిపుణుల 2019 కొలమానంలో 12 సెకన్లు లేదా అంతకు మించితే కండ బలం, పనితీరు తగ్గాయని అనుమానించాలి. లేవలేనివాళ్లలో చాలామంది చేసే తప్పు ఒక్కటే: పాదాలు ముందుకు చాపి వెనక్కి ఆనుకుని కూర్చుని లేవబోతారు, బరువంతా వెనకే ఉండిపోతుంది. కుర్చీ అంచుకి జరిగి, మడమలు మోకాళ్ల కంటే వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగాలి. ఎనిమిదిసార్లు, పొద్దునా సాయంత్రం. మొదట్లో చేతుల ఊతం పట్టుకున్నా ఫర్వాలేదు. ఇంకో మాట: "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తా" అనడం మానండి. మంచినీళ్ల కూజా నడుమెత్తు బల్ల మీద పెట్టండి, ఆయనే లేచి తీసుకుంటాడు.

తులసికోట:
షుగరు, కిడ్నీ ఉన్నవాళ్ల సంగతి? క్రియాటినిన్ నార్మల్ అంటున్నారు కదా, ప్రొటీన్ పెంచేయొచ్చా?

వేపనీడ:
క్రియాటినిన్ అంటే కండలోంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీ దాన్ని బయటికి పంపుతుంది. సన్నబడిన మనిషిలో కండ తక్కువ, క్రియాటినిన్ తక్కువే కనిపిస్తుంది. ఆ ఒక్క అంకె నమ్మకండి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంచనా), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అన్నది చూడాలి. కిడ్నీ జబ్బు బయటపడితే సాధారణంగా కిలోకి 0.8 దగ్గర ఉంచుతారు, బాగా నీరసించిపోయినవాళ్లకి డాక్టరే పెంచుతారు. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకి ఎక్కువే కావాలి. షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని రాత్రి రెండు గుక్కల జావతో సరిపెడితే తెల్లవారుజామున షుగరు పడిపోవచ్చు, కాబట్టి తిండి తగ్గినట్టు డాక్టరుకి చెప్పాల్సిందే.

పప్పుగుత్తి:
వేపనీడ గారి "పొద్దున పెట్టండి" సూత్రం తిరగబడే చోటు ఒకటుంది. పార్కిన్సన్స్‌కి (వణుకుడు జబ్బుకి) వాడే లెవోడోపా మందు, ప్రొటీన్ పేగులో ఒకే దారి కోసం పోటీ పడతాయి. మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పగలు మందు పట్టు తప్పి కాళ్లు బిగుసుకుపోయేవాళ్లకి, డాక్టరు సలహాతో ప్రొటీన్‌ని రాత్రికి జరుపుతారు. వాళ్లకి పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పూ గుడ్డూనే సరైన వరస.

వేపనీడ:
అది ఒప్పుకుంటాను. కానీ మొత్తం తగ్గకూడదు, నెలకోసారి బరువు చూస్తుండాలి.