పోలియో పోయాక మళ్ళీ కొత్త చుక్కలా?

గోదారిగట్టు: మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. సహజ వైరస్ ఇప్పుడు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలోనే మిగిలింది. పోలియో వైరస్ మూడు రకాల్లో రెండోదైతే 1999లో అలీగఢ్‌లో కనిపించాక మళ్ళీ జాడ లేదు. దానికోసమే ఇప్పుడు కొత్త చుక్కల మందు! చచ్చిన పామును ఎన్నిసార్లు చంపుతారు? అందరికీ పోలియో ఇంజెక్షను వేస్తే సరిపోదా?

టీకాపెట్టె: పాము చచ్చింది, కరుస్తున్నది మనం పెంచిన పిల్ల. పాత చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. టీకా అందని పిల్లల మధ్య నెలల తరబడి తిరిగితే దానికి పాత బుద్ధి వస్తుంది, మళ్ళీ పక్షవాతం తెస్తుంది. అందుకే 2016 ఏప్రిల్‌లో చుక్కల్లోంచి రెండో రకాన్ని తీసేశారు. మరుసటి నెలలోనే హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటి నమూనాలో ఆ రకం దొరికింది. జూన్‌లో పిల్లలకు ఆ ఇంజెక్షను వేయడానికి హైదరాబాద్ బస్తీల్లో టీకాల పెట్టె భుజాన వేసుకుని తిరిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. మామూలు మోతాదులో ఐదో వంతు, చర్మం పొరలోకే ఎక్కించాలి. కందిగింజంత బుడిపె తేలకపోతే సూది లోతుకు పోయినట్టే. చంటివాడు చేయి లాక్కుంటే మన పని చెడినట్టే. చుక్కలకైతే వాడు నోరు తెరిచి ఏడిస్తే చాలు!

పైగా ఇంజెక్షను పక్షవాతాన్ని ఆపుతుంది కానీ, పేగులో వైరస్ పెరగడాన్ని అంతగా ఆపలేదు. కొత్త చుక్కల వైరస్ వెనక్కి మళ్ళకుండా జన్యువులోనే గొళ్ళేలు పెట్టారు. 2017లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో కంటెయినర్ గదులు కట్టి, పదిహేనేసి మంది చొప్పున 30 మందిని అందులో ఉంచి, ఆ చుక్కలు వేసి, వాళ్ళ మలంలో వచ్చే వైరస్‌ను పరీక్షించారు.

గోదారిగట్టు: గొళ్ళెం అంత గట్టిదైతే 2023లో కాంగో, బురుండీలలో కొత్త మందు వైరసే పిల్లలను ఎలా కుంటిపరిచింది?

టీకాపెట్టె: ఊడనే ఊడదని నేననలేదు. పాతదానికంటే చాలా అరుదుగా ఊడుతుంది. సగం ఊరికి టీకా అందకపోతే ఎంత మంచి మందైనా దారి తప్పవచ్చు.

ఓరుగల్లు అమ్మమ్మ: ఇంజెక్షను గురించి ఒక మాట. అమెరికాలో 2000 నుంచి అదే వేస్తున్నారు. అయినా 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్‌లో టీకా వేయించుకోని యువకుడికి కాళ్ళు పడిపోయాయి. అక్కడి మురుగులోనూ ఈ రెండో రకమే. మా అబ్బాయి వాళ్ళు ఉండేది ఆ పక్కనే, ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

గోదారిగట్టు: సరేనమ్మా, ఇంజెక్షను ఒక్కటే చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ డబ్బు మాట ఒకటి అడగాలి. టీకాపెట్టె గారూ, సగం ఊరికి అందకపోతే మందు దారి తప్పవచ్చని మీరే అన్నారు కదా. ఆ మిగతా సగానికి పెట్టె మోసేవాళ్ళ జీతం ఏ లెక్కలో ఉంది?