జేడ్ కొమ్మ ఆకులు ముడతలు పడుతున్నాయి, నీళ్లు పోయాలా?

ప్రశ్న: కుండీలో నాటిన జేడ్ (మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క) కొమ్మల ఆకులు ముడతలు పడ్డాయి, కాండం మాత్రం గట్టిగానే ఉంది. పక్క కుండీలో మట్టి మీద పరిచిన ఎచెవెరియా (అలాంటిదే ఇంకో మొక్క) ఆకులకి దారాల్లా గులాబీ రంగు వేర్లొచ్చాయి కానీ పిల్ల మొక్క జాడే లేదు. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: కాండం గట్టిగా ఉంటే భయం లేదు. వేర్లు లేని కొమ్మ తనలో దాచుకున్న నీళ్లే వాడుకుంటుంది, అందుకే ముడతలు. కొమ్మను మెల్లగా పైకి లాగి చూడండి. మట్టిని పట్టుకునుంటే వేర్లొచ్చినట్టే, కుండీ అడుగు నుంచి కారేదాకా పోయండి. ఊడొస్తే కోత చివర చూడండి: ఎండి గట్టిపడి ఉంటే అలాగే నాటేయండి. నల్లగా, మెత్తగా ఉంటే కుళ్లు. అక్కడిదాకా కోసేసి, నీడలో వారం ఆరబెట్టాకే మళ్లీ నాటాలి.

జవాబు: మట్టి సంగతి ఎవరూ అడగలేదే! వట్టి తోటమట్టిలో తేమ ఆరదు. సగానికి సగం ముతక ఇసుకో పెర్లైటో (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలపండి.

జవాబు: ఎచెవెరియాకి వేర్లు ముందు, పిల్ల తర్వాత రావడం మామూలే. వేర్లపై పల్చగా మట్టి చల్లండి. పాత ఆకు దానంతటదే ఎండేదాకా పీకకండి, పిల్ల దాని మీదే బతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: లాగి చూశాను, పట్టుకునే ఉంది! ఇప్పుడే నీళ్లు పోస్తున్నాను.