కిరోసిన్ ఫ్యాన్ హీటర్ అంటుకున్న 40 సెకన్లకే ఆరిపోతోంది

జపాన్‌లో నాగానో కొండల్లోని చిన్న ఊళ్లో ఇంగ్లీషు టీచర్‌ని. క్వార్టర్స్‌లో ముందున్నవాళ్లు వదిలేసిన కిరోసిన్ ఫ్యాన్ హీటర్ ఉంది. నీలం మంటతోనే అంటుకుంటుంది, సరిగ్గా 40 సెకన్లకు టక్కున ఆరి తెల్లపొగ కక్కుతుంది. పొద్దున మూడుసార్లు వెలిగిస్తే చాలు, చొక్కా నిండా కంపే. బళ్లో ముందు వరస పిల్లలు 'కుసాయ్' (కంపు) అంటూ ముక్కు మూసుకుంటున్నారు, పాపం.

ట్యాంకులో నిరుటి కిరోసిన్ పసుపెక్కింది. అదంతా తోడేసి, అడుగున మిగిలింది సిరంజితో లాగేశాను. బంకు నుంచి 18 లీటర్ల ఎర్ర డబ్బాలో కొత్తది తెచ్చి పోశాను. జల్లెడ కిరోసిన్‌తోనే కడిగాను. నీళ్లు తగిలితే ఆ తడితో మళ్లీ అదే గొడవ. వెనక గాలి ఫిల్టరు దులిపాను, కిటికీ కాస్త తెరిచే ఉంచాను. మార్పు లేదు.

ముందు రేకు విప్పితే బర్నర్ మీద మంటను పసిగట్టే ఫ్లేమ్ రాడ్‌కు సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. హెయిర్ స్ప్రేల్లోని సిలికోన్ కాలి అలా పేరుకుంటుంది, అప్పుడు మంట ఉన్నా మెషిన్‌కు తెలియదు. నేను స్ప్రే కొట్టుకునే అద్దం హీటర్ పక్కనే ఉంది మరి. రాత్రిళ్లు మైనస్ 8కి పడిపోతోంది.

ప్లగ్ తీసి, చల్లారాక ఆ రాడ్‌ను సన్నటి గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుందా, లేక కిరోసిన్‌ను ఆవిరి చేసే వేపరైజర్ కూడా మార్చాల్సిందేనా?