ఊరు బొమ్మల కొలువులా కనిపించేలా ఫోటోలు తీయడం: మీ అనుభవాలు చెప్పండి

కొండమీది_కన్ను:
మొన్న ఆదివారం విశాఖలో కైలాసగిరి కొండ మీది నుంచి బీచ్ రోడ్డును ఫోటో తీసి, ఫోన్‌లో స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్‌తో రోడ్డును మాత్రం స్పష్టంగా ఉంచి పైనా కిందా మసక చేశాను. కార్లు అచ్చం ఆటబొమ్మల్లా వచ్చాయి. కానీ రోడ్డు పక్కన ఉన్న అపార్ట్‌మెంటు కింది రెండు అంతస్తులు తేటగా, పై అంతస్తులు మసకగా కనిపించి గుట్టు రట్టు చేస్తున్నాయి. మసకను పెంచినా తగ్గించినా ఫలితం లేదు.

పాత_లెన్సు:
లోపం మసక మోతాదులో లేదండి, అది పడిన చోటులో ఉంది. బొమ్మ కారును జానెడు దూరం నుంచి ఫోటో తీస్తే దాని ముందువీ వెనకవీ మసకబారతాయి. ఆ అలవాటు వల్లే ముందూ వెనకా మసక కనిపించగానే మన కన్ను ఎదుట ఉన్నది చిన్న వస్తువని నమ్ముతుంది. అయితే ఆ మసక దూరాన్ని బట్టి వస్తుందే తప్ప, ఫోటోలో పైన ఉందా కింద ఉందా అన్నదాన్ని బట్టి కాదు. మీ అపార్ట్‌మెంటు పునాదీ పిట్టగోడా కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి కనుక రెండూ ఒకేలా కనిపించాలి. నేను కంప్యూటరులో గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో మసక లేయరుకు మాస్కు (మసక ఎక్కడ కనిపించాలో నిర్ణయించే తెర) పెట్టి, దానిమీద గ్రేడియంటు (క్రమంగా మారే ఛాయ) గీసి, తర్వాత నిటారుగా ఉన్న ప్రతి గోడనూ చిన్న బ్రష్షుతో పూసి స్పష్టత వెనక్కి తెచ్చుకుంటాను. ఫిషింగ్ హార్బరు ఫోటోలో బోట్ల మీది కర్రలకూ జెండాలకూ ఒక పూటంతా పట్టింది.

సాగర_తీరం:
టిల్ట్ లెన్సు (కెమెరా మీద ఉండగానే వంచగలిగే లెన్సు) కొన్నా ఈ తలనొప్పి తప్పదు. ఒక పెళ్లి ఫోటోగ్రాఫరు దగ్గర అద్దెకు తెచ్చి చూశాను. లెన్సును వంచితే ఫోటోలో స్పష్టంగా వచ్చే ఊహా తలమే (ప్లేన్) వాలిపోతుంది కనుక ఎత్తైన భవనాల తలలు అందులోనూ మసకబారాయి. ఈ వంపు సూత్రానికి పేరిచ్చిన ఆస్ట్రియా సైనికాధికారి థియోడార్ షైమ్‌ఫ్లుగ్ 1904లో పేటెంటు తీసుకున్నది ఆకాశం నుంచి తీసిన ఫోటోల వంకర సరిదిద్దడానికి. మనం అదే సూత్రాన్ని కన్నును మోసగించడానికి వాడుతున్నాం!

ఎండపొద్దు:
చోటు ఎంపిక కూడా ముఖ్యం. బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని రోడ్డు మీద నిలబడి తీశాను, ఆకాశం కనిపించడంతో బొమ్మ కాలేదు. ఎత్తు నుంచి కిందికి చూస్తూ, మంచి ఎండలో తీసి, రంగులు కాస్త పెంచండి. నౌకాదళ ప్రాంతాల వైపు మాత్రం కెమెరా తిప్పకండి.

కొండమీది_కన్ను:
పాత_లెన్సు గారూ, గోడ సరిపోయింది. ఒక్క కరెంటు స్తంభం మిగిలింది, ఆ తీగల దగ్గర బ్రష్షు నిలవడం లేదు.