పి.ఎస్.ఏ. 9.4 వచ్చింది, వెంటనే బయాప్సీ చేయించాలా?

ప్రశ్న (సోంపేట నుంచి):
మా నాన్నగారికి 67 ఏళ్లు. గత నెలలో మూత్రం పూర్తిగా ఆగిపోయి పైపు వేయించవలసి వచ్చింది. ఇన్ఫెక్షన్ కూడా ఉందన్నారు. ఆ వారంలోనే చేసిన రక్తపరీక్షలో పి.ఎస్.ఏ. (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్, పెరిగితే క్యాన్సరేమోనని అనుమానిస్తారు) 9.4 అని తేలింది. డాక్టరుగారు వచ్చే వారమే బయాప్సీ (సూదితో ప్రోస్టేట్ ముక్కలు తీసి పరీక్షించడం) చేద్దామంటున్నారు. మా పెదనాన్నగారేమో సూది పొడిస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని అడ్డుపడుతున్నారు. నాన్నగారు ఏ మాటా చెప్పకుండా పొద్దున్నే జీడితోటకు వెళ్లిపోతున్నారు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కనుక ఇంకో చిక్కు కూడా ఉంది: కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆయనకు 2.3, అంటే ఎక్కువే. డాక్టరుగారిని ఏమేమి అడగాలి?

జవాబు (విజయనగరం నుంచి):
రెండేళ్ల క్రితం నేనూ ఇదే అవస్థ పడ్డాను. పైపు వేసినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, ప్రోస్టేట్ వయసుతో వాచినా పి.ఎస్.ఏ. పెరుగుతుంది కనుక, ఇన్ఫెక్షన్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించవచ్చా అని అడగండి. వేలితో పరీక్షించినప్పుడు గట్టి గడ్డ తగిలినా, నడుము ఎముకల్లో నొప్పి ఉన్నా మాత్రం అలా ఆగకూడదు. ప్రోస్టేట్ వాపుకు డ్యుటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ వాడుతున్నారేమో చూడండి. ఆరు నెలలు, ఏడాది వాడేసరికి అవి పి.ఎస్.ఏ.ను దాదాపు సగానికి దించుతాయి. నేను ఆ మాత్ర సంగతి చెప్పడం మరిచాను, తీరా చెప్పాక డాక్టరుగారు నా 5.1ని 10గా లెక్కగట్టారు.

సూదితో జబ్బు పాకడం అత్యంత అరుదు. అసలు జాగ్రత్త పడవలసింది ఇన్ఫెక్షన్ గురించి. మలద్వారం గుండా కాక, వృషణాలకూ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా ముక్కలు తీస్తే ఆ భయం బాగా తగ్గుతుంది. ఆ పద్ధతి అక్కడ ఉందా అని అడగండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. తరువాత కొన్ని వారాలు వీర్యంలో ఎర్రదనం కనబడితే కంగారుపడకండి, నేను పడ్డాను.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
స్కానింగ్ సెంటరులో పనిచేస్తాను కనుక ఒక్క మాట. ఎం.ఆర్.ఐ. బయాప్సీకి ముందే తీయించండి. తరువాతైతే లోపల గడ్డకట్టిన రక్తం బొమ్మను తికమక చేస్తుంది. రిపోర్టులో 1 నుంచి 5 దాకా పైరాడ్స్ అంకె (క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పేది) ఉంటుంది. 4, 5 వస్తే అనుమానమున్న చోటికే గురిపెట్టి ముక్క తీస్తారు. క్రియాటినిన్ 2.3 సంగతి ముందే చెప్పండి. కాంట్రాస్టు ఇంజెక్షన్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు, కిడ్నీలు బలహీనమైతే ఆలోచించి ఇస్తారు) లేకుండా కూడా ఈ స్కాను తీయవచ్చు.

అడిగినవారు:
ఇప్పుడే నాన్నగారి మందుల డబ్బా తీసి చూశాను. అందులో డ్యుటాస్టెరైడ్ ఉంది. ఎనిమిది నెలలుగా వాడుతున్నారట, మాలో ఎవరికీ చెప్పలేదు.

జవాబు (విజయనగరం నుంచి):
అయితే ఆ స్ట్రిప్ పట్టుకుని రేపే డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. ఆగవచ్చా అని అడగమన్న నా మాట ఇప్పుడు పక్కన పెట్టండి, 9.4ను ఏ అంకెగా చూడాలో, ఎంత తొందరపడాలో ఆయనే చెప్పాలి.